దానిమ్మ రంగు అంచు

ఈ సీరియల్లో నేను రాసేదంతా అక్షరం అక్షరం నిజం. ఆవగింజంత కల్పన ఉన్నా నా కలాన్ని కాకెత్తుకుపోనివ్వండి. పుట్టబోయే కోడిపిల్ల వెన్నులో నరాల తీగలు పాకడం మైక్రోస్కోపుకి కన్ను ఆనించి స్వయంగా చూసినవాణ్ణి. ఒక తీగ అయితే నన్ను చూసి ఆగి, "తాతా, ఇటా, అటా?" అని దారి కూడా అడిగింది. "కుడివైపుకి పో తల్లీ" అన్నాను. బుద్ధిగా అటే పోయింది. ఈ కాలపు పిల్లలకి ఆ పాటి వినయం ఉందా?

సరే. పోయిన వారం తీగలమ్మని ఎక్కడ వదిలేశాం? చెల్లెలి బ్యూటీ పార్లర్ ముందు, సగం దించిన షట్టర్ దగ్గర, తేలు కుట్టిన దొంగలా నిలబెట్టి మన దారిన మనం పోయాం. పాపం, వారం నుంచీ అక్కడే నిలబడి ఉంది. లోపలికి పంపే ముందు కొత్తగా చదివేవాళ్ళకి నాలుగు ముక్కలు చెబుతాను, పాతవాళ్ళు ఈలోగా కాళ్ళు చాపుకోండి.

తీగలమ్మ అన్నది తల్లి పెట్టిన పేరు కాదు, ల్యాబులో పెట్టిన పేరు. కడుపులో బిడ్డకి మెదడు తయారయ్యేటప్పుడు ఏ తీగ ఎటు పోయి దేనికి అతుక్కుంటుందో కనిపెట్టడం ఆమె పని. ప్రతి నరాల కణమూ ఒక తీగని బయటికి వదులుతుంది. ఆ తీగ కొసన చిన్న చెయ్యిలాంటిది ఉంటుంది. దానికి కళ్ళు లేవు. కరెంటు పోయిన ఇంట్లో గోడ తడుముకుంటూ నడిచేవాడిలా వేళ్ళు చాచి పక్కకణాన్ని ముట్టుకుంటుంది. తీగ ఒంటి మీదా ఆ కణం ఒంటి మీదా పట్టు అణువులుంటాయి. ఇద్దరి పట్టూ కుదిరితే తీగ తనని తాను కాస్త ముందుకు లాక్కుంటుంది, ఆ పట్టు వదిలి ఇంకో పట్టు పడుతుంది. పట్టు మరీ వదులైతే జారిపోతుంది, మరీ బిగుసుకుంటే అక్కడే అంటుకుపోతుంది. పట్టుకోవడమూ రావాలి, వదలడమూ రావాలి. మనుషుల్లో చాలామందికి రెండోది రాదు.

ఎడమ సగానికీ కుడి సగానికీ నడుమ ఒక గీత ఉంటుంది. చాలా తీగలు ఆ గీత దాటి అవతలికి చేరాలి. పట్టు అణువుల్లో ఒకటి చెడితే, తీగలు గీత దాకా వచ్చి, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి రానా వద్దా అని తచ్చాడే చుట్టంలా అక్కడక్కడే తిరుగుతాయి.

తీగలమ్మ చెల్లెలి కొడుక్కి ఆ చెడినదే వచ్చింది. బొటనవేళ్ళు రెండూ అరచేతుల్లోకి ముడుచుకుని పుట్టాడు. నడక ఆలస్యం, మాట ఆలస్యం, అల్లరి మాత్రం వేళకే వచ్చింది. ఈ లోపం తల్లి నుంచి కొడుక్కి దిగుతుంది. తల్లికి ఏ బాధా ఉండదు. ప్రతి కొడుక్కీ రావాలనీ లేదు, నాణెం ఎగరేసినట్టే, బొమ్మో బొరుసో.

తీగలమ్మ ఏం చేసిందంటే, కోడిగుడ్లలో ఆ అణువు పట్టు తప్పించి, వాటిలో కొన్నిటిలో ఒక పొడిని కరిగించి వేసింది. పొడి వేసిన గుడ్లలో తీగలు గీత దాటాయని ఆమె లెక్క తేల్చింది. ల్యాబు పెద్దాయన అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. ఆ చప్పట్లు ఆగాక ఆమె ఎవరికీ చెప్పకుండా మళ్ళీ లెక్కపెట్టింది. పొడి వేసినవాటికీ వెయ్యనివాటికీ తేడా ఎక్కడా లేదు. అలా ఎందుకయిందో ఆమెకి తెలుసు. ఆ మాట మొట్టమొదట చెల్లెలికే చెప్పాలని స్లైడు పెట్టె సంచిలో వేసుకుని వచ్చింది.

ఇక షట్టర్ కింద నుంచి వంగి లోపలికి పోనిద్దాం.

"ఇవాళ సెలవండీ. బయట బోర్డు పెట్టాను," అంది చెల్లెలు వెనక్కి తిరక్కుండానే. మోచేతుల దాకా నురగ. దువ్వెనలన్నీ నీళ్ళలో వేసి ఒక్కొక్కటీ బ్రష్షుతో తోముతోంది.

"నేనే, బుడ్డీ."

"ఓహో, మీరా? ఇన్ని చదువులు చదివారు, బోర్డు ఒక్కటీ చదవలేకపోయారా?" అని తిరిగి చూసింది. చూసి నవ్వు ఆపుకుంది. "అదేం తలే? పొద్దస్తమానం గుడ్లు పొదిగించి పొదిగించి నెత్తిమీద గూడు కూడా కట్టేశావా? రా, కూర్చో."

"తల కోసం కాదే నేను వచ్చింది. ఒక మాట చెప్పాలి."

"మాట నీ నోటితో చెబుతావు. తల నాకియ్యి. రెండు పనులూ ఒక్కసారే అయిపోతాయి."

పార్లర్ అంటే పెద్దదేం కాదు. రెండు కుర్చీలు, వాటి ఎదురుగా గోడంతా అద్దం, మూలన మెడ ఆనించుకోవడానికి గుంట ఉన్న సింకు. జుట్టు రంగు ఘాటు గోడలకి పట్టేసింది. అద్దం పక్కన అరలో నెయిల్ పాలిష్ సీసాలు లేత నుంచి ముదురుకి వరసగా నిలబడి ఉన్నాయి. ఎరుపుల వరసలో ఒకచోట పన్ను ఊడినట్టు ఖాళీ. తీగలమ్మ చూపు సరిగ్గా అక్కడే పడింది. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు సంచిని ఒళ్ళోకి లాక్కుంది.

హెయిర్ డ్రయ్యర్ తగిలించే కొక్కేనికి రెండు బుల్లి చేతిపట్టీలు ఆరేసి ఉన్నాయి. బొటనవేళ్ళు విచ్చుకుని ఉండడానికి కుర్రాడు పెట్టుకునేవి.

"వాడేడీ?"

"వ్యాయామాలకి వాళ్ళ నాన్న తీసుకెళ్ళాడు. నిన్న ఏం చేశాడో తెలుసా నీ కొడుకు? గుండీ పెట్టుకోవడం వచ్చేసింది."

"నిజంగా? తన చొక్కాకా?"

"తన చొక్కాకి పెట్టుకుంటే నాకు చెప్పుకోడానికేం ఉంటుంది? నేను కునుకు తీస్తుంటే నా పనికోటు గుండీ తెచ్చి కుర్చీ కవరు కాజాలో దూర్చాడు. బేరం వచ్చిందని లేచాను. కుర్చీ కూడా నాతో లేచింది."

తీగలమ్మ నవ్వింది. నవ్వు మధ్యలోనే చూపు మళ్ళీ ఆ ఖాళీ మీదికి పోయింది. చెల్లెలు గమనించలేదు. అక్క మెడని సింకు గుంటలో ఆనించి, నుదుటి మీద అరచెయ్యి అడ్డం పెట్టి, గోరువెచ్చటి నీళ్ళు వదిలింది.

అలా వెల్లకిలా పడుకుంటే ఎదుటి మనిషి మొహం కనబడదు. పైన ఫ్యాను, ఫ్యాను పక్కన తేమకి ఉబ్బిన సున్నం, అంతే. చెప్పడానికి ఇంతకంటే మంచి వీలు దొరకదు అనుకుంది తీగలమ్మ. నోరు తెరిచింది. అంతలో తల మీద వేళ్ళు ఆగాయి.

"అక్కా, నేనూ ఒక మాట చెప్పాలి. ముందు నువ్వా, నేనా?"

"నువ్వే చెప్పు."

ఆ రెండు మాటలే ఆమె చేసిన పొరపాటు. ముందు తానే చెప్పేసి ఉంటే ఎలా ఉండేదో అని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంటుంది. కానీ పిరికితనానికి మర్యాద ముసుగు వేస్తే ఎంత అందంగా ఉంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

"నీ కొడుక్కి ఇంకొకరు తోడొస్తున్నారు," అంది చెల్లెలు.

నీళ్ళు చెవిలోకి పోయాయేమో అనుకుంది తీగలమ్మ.

"మూడో నెల పడింది. కళ్ళు మూసుకో, షాంపూ పడుతుంది. ఇన్నాళ్ళూ ఎందుకు వద్దనుకున్నామో నీకు తెలుసుగా. ఆ నాణెం ఇంకోసారి ఎగరేసే గుండె మాకిద్దరికీ లేకపోయింది. ఆ రోజు నువ్వొచ్చి మా భోజనాల బల్ల మీద నీళ్ళతో గీత గీశావు చూడు, తీగలు దాటేశాయని? అంత సంతోషంగా నిన్నెప్పుడూ చూళ్ళేదే. నువ్వు వెళ్ళాక ఆ నీళ్ళ గీత ఆరిపోయేదాకా ఆయన అక్కడే కూర్చున్నాడు. తుడవనివ్వలేదు. తర్వాత నావైపు చూసి, 'మీ అక్క చెబుతోందంటే' అన్నాడు. అంతే. నీ మాట మీదే ధైర్యం చేశాం."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు. ఆశ పెట్టుకోకు అని చెప్పి పోదామని వచ్చిన మనిషి తీగలమ్మ. ఆశ అప్పటికే మూడో నెల పడ్డ ప్రాణమై కూర్చుంది. ఆమె నురగ తలతోనే లేచి కూర్చుంది. నీళ్ళు వీపు మీదికి కారి జాకెట్టు తడిసింది.

"అదేంటే, ఆగు, కడగనీ."

"ఆగలేను బుడ్డీ. ఆ లెక్క తప్పు."

"ఏ లెక్క?"

"తీగలు దాటలేదు."

చెల్లెలు తువ్వాలు తీసి అక్క తల చుట్టూ చుట్టింది. అలవాటు పడ్డ చేతులు, చుట్టేసి ముడి కూడా పెట్టాయి. తర్వాత పక్క కుర్చీలో కూర్చుని, కుర్చీని అక్క వైపు తిప్పుకుంది.

"ఇప్పుడు చెప్పు. నాకర్థమయ్యేలా చెప్పు. పెద్ద పెద్ద మాటలు పెట్టి తప్పించుకోకు."

తీగలమ్మ సంచిలోంచి పెట్టె తీసి, రెండు స్లైడులు అద్దం ముందున్న బల్ల మీద పెట్టింది. గాజు పలక మీద కోడిపిల్ల వెన్నులోంచి కోసిన పొర, పొర మీద పల్చటి గాజు బిళ్ళ, బిళ్ళ ఊడిరాకుండా చుట్టూ నెయిల్ పాలిష్ పూత. ల్యాబుల్లో అది మామూలే. ఒక బిళ్ళ అంచుకి రంగు లేదు. రెండోదాని అంచు ముదురు ఎరుపు, అప్పుడే ఒలిచిన దానిమ్మ గింజలా.

"ఇది నాదే," అంది చెల్లెలు. "గోళ్ళకి వేసుకో, మనిషిలా కనిపిస్తావు అని ఇస్తే, గాజు ముక్కలకి వేశావా?"

"నేను కాదు, మౌనస్వామి వేశాడు." మౌనస్వామి అంటే ల్యాబులో ఆమె జోడీ, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నోట్లోంచి రెండు మాటలొస్తే ఆ రోజు ఎక్కువ మాట్లాడినట్టు. "మా దగ్గర ఒక పద్ధతుంది. ఏ స్లైడు పొడి వేసిన గుడ్డుదో, ఏది వెయ్యనిదో లెక్కపెట్టేవాళ్ళకి తెలియకూడదు. అందుకని ఆయన పేర్ల మీద కాగితం అంటించి, అన్నీ కలిపేసి ఇస్తాడు. నేను చూసి, తీగ దాటిందా లేదా అని చెప్పాలి."

"బాగానే ఉందిగా."

"సగంలో ఆయన దగ్గర రంగులేని పాలిష్ ఎండిపోయింది. నా సంచిలో నువ్విచ్చిన సీసా ఉంటే ఇచ్చాను. అప్పటికి పొడి వెయ్యనివన్నీ అయిపోయాయి. మిగిలినవన్నీ పొడి వేసినవే."

చెల్లెలు స్లైడుల వంక చూసింది. అరలో ఖాళీ వంక చూసింది. ఆమె మొహంలో సంగతి మెల్లగా దిగుతూ ఉండడం తీగలమ్మ అద్దంలో చూసింది, నేరుగా చూసే ధైర్యం లేక.

"అంటే, పేర్లు కప్పేశారు గానీ..."

"అంచు కనపడుతోంది."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొదలుపెట్టిన కాసేపటికే."

"మరి?"

"నాకు తెలిస్తే ఏం, నా కంటికి తెలియదుగా అనుకున్నాను."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం అంటే అదే. పైగా తీగలమ్మ అబద్ధం ఒక్కటి కూడా చెప్పలేదు, ఆ మాట ఆమె తరఫున నేనే చెబుతాను. తేటగా గీత దాటిన తీగని దాటిందనే అంది. తేటగా ఆగిన తీగని ఆగిందనే అంది. చిక్కంతా మధ్యవాటితో. గీత మీదికెక్కి వంకర తిరిగినవి, కొస మసకబారినవి, దాటిందో పక్కదాని మీద పడిందో తెలియనివి ఉంటాయి. అంచు ఎర్రగా ఉంటే 'దాటినట్టే ఉంది' అనిపించేది. రంగు లేకపోతే 'ఆగినట్టే ఉంది' అనిపించేది. అనిపించిందే చెప్పింది. చిన్న చిన్న అనిపింపులు కలిసి పెద్ద చప్పట్లయ్యాయి.

అది ఎంత సులువో నాకు తెలుసు. మొదట్లో మైక్రోస్కోపులో చూశానని కోతలు కోశాను కదా. కన్ను ఆనించిన మాట నిజమే. కనబడినవి నా కనురెప్ప వెంట్రుకలు. "కనిపించాయా తాతగారూ?" అని తీగలమ్మ అంత ముద్దుగా అడిగితే కాదనలేక, "ఆహా, ఎంత చక్కగా పాకుతున్నాయో" అన్నాను. దారి అడిగిన తీగ సంగతి ఇంక మీరే ఊహించుకోండి. అక్షరం అక్షరం నిజమన్న మాటలో కొన్ని అక్షరాలు అప్పుడే రాలిపోయాయి. మిగిలినవి గట్టివే, భయపడకండి.

పార్లర్లోకి వద్దాం.

"చిన్నప్పుడూ అంతే నువ్వు," అంది చెల్లెలు. గొంతు పెంచలేదు. "కళ్ళగంతలాటలో గంత కింద నుంచి చూసేదానివి. ముక్కు పక్కన సందు ఉంచుకుని కట్టించుకునేదానివి. ప్రతిసారీ నేనే దొరికేదాన్ని."

"నీకు తెలుసా?"

"తెలియకేం? నువ్వు గుడ్డిగా తడుముతున్నట్టు చేతులు చాపేదానివి, కాళ్ళు మాత్రం తిన్నగా నా వైపే వచ్చేవి."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"గెలిచినప్పుడు నీ మొహం బాగుండేదక్కా. అందుకని."

తిడితే బాగుండేది. తిట్లకి బదులు చెప్పొచ్చు, ఏడవొచ్చు, ఏడిస్తే కాస్త తేలికవుతుంది. చెల్లెలు ఆ వీలు ఇవ్వలేదు.

"అప్పుడే చెప్పొచ్చుగా మౌనస్వామికి?"

"చెబితే మొదటి నుంచీ మళ్ళీ చెయ్యాలి. కొత్త గుడ్లు, కొత్త స్లైడులు. పెద్దాయన తొందర ఒకటి..." అని ఆగింది. "కాదు. అదీ అబద్ధమే. తీగలు దాటాలని నాకుంది బుడ్డీ. ఎలాగైనా దాటాలని. వాడి చేతులు చూసినప్పుడల్లా..."

"వాణ్ణి ఇందులోకి తీసుకురాకు."

తీగలమ్మ రెండు స్లైడుల్నీ పక్కపక్కన సర్దింది.

"నా కొడుకు మీద పెట్టకు దీన్ని. వాడు నిన్ను అడగలేదు. వాడు అడిగిందల్లా పెద్దమ్మ వచ్చేటప్పుడు గుడ్డుపెంకు తెస్తుందా అని. గుండీ పెట్టడం వచ్చింది వాడికి. ఎవరి పొడీ లేకుండా వచ్చింది." చెల్లెలు లేచి, తోమిన దువ్వెనల్ని నీళ్ళలోంచి తీసి తువ్వాలు మీద ఒక్కొక్కటీ పేర్చసాగింది. చేతులకి ఏదో ఒక పని ఉండాలి ఆమెకి, పుట్టుకతో వచ్చిన గుణం. "ఎవరెవరికి తెలుసు?"

"నీకే ముందు. రేపు పొద్దున పెద్దాయనకి చెబుతాను. అంచుల రంగంతా తుడిచి, మళ్ళీ కలిపి ఇవ్వమని మౌనస్వామికిచ్చాను, ఎందుకో చెప్పలేదు. ఆయన అడగలేదు. మళ్ళీ లెక్కపెడితే రెండూ ఒకటే. ఈ రెండూ గుర్తుకి తుడవకుండా ఉంచాను."

"ఉద్యోగం పోతుందా?"

"పోవచ్చు."

"పోతే ఇక్కడికి రా. తల కడగడం నేర్పుతాను. ముందు నీ తల." మాటలో వేళాకోళం ఉంది గానీ మొహంలో లేదు. దువ్వెనలు పేర్చడం అయిపోయింది. ఇంక చెయ్యడానికి పని లేదు. చెల్లెలు తడి చేతులు కోటుకి తుడుచుకుని, అద్దంలో అక్క కళ్ళని పట్టుకుంది.

"సరే. పొడి పనిచెయ్యదు. నాణెం నాణెంగానే ఉంది. మాకు బొమ్మ పడితే ఒక రకం, బొరుసు పడితే వాడిలాంటివాడే ఇంకొకడు. కుర్చీలకి గుండీలు పెట్టే మొనగాళ్ళు ఇద్దరవుతారు, పడతాను. కోపం తర్వాత తెచ్చుకుంటాను, చాలా తెచ్చుకుంటాను, చూస్తావుగా. ముందు ఒక్కటి చెప్పు. మేలు చెయ్యకపోతే పోనీ. కీడు చెయ్యదుగా?"

సింకు పైపు మూయడం మరిచిపోయారు ఇద్దరూ. నీళ్ళు పోతున్నాయి.

"అక్కా."

"ఎందుకడుగుతున్నావు?"

"నేనడిగిందానికి చెప్పు."

తీగలమ్మ ఈ ప్రశ్నకి తయారై రాలేదు. ఎర్ర అంచు తప్పు ఒప్పేసుకుంటే చాలు, ఆమె లెక్కలో అదొక్కటే తప్పు. రెండోదాన్ని ఆమె ఎప్పుడూ తప్పుల్లో వేసుకోలేదు. అది ఒక మామూలు విషయంగా, గది మూలకి ఊడ్చేసిన పెంకుల్లో కలిసిపోయి ఉంది. ఇప్పుడు చెల్లెలు అడిగేసరికి ఆ పెంకులు కాళ్ళ కింద కరకరమన్నాయి.

"కొన్ని గుడ్లు ఎదగలేదు," అంది.

"ఏ గుడ్లు?"

"గుడ్డు పెంకుకి చిన్న కిటికీ కోసి లోపల మందులు వేస్తాం. కోసేటప్పుడు మురికి పడితే పిల్ల పోతుంది. ఎవరు చేసినా కొన్ని పోతాయి. అది మామూలే."

"ఏ గుడ్లు అన్నాను."

"రెండు రకాల్లోనూ పోయాయి. వెయ్యనివాటిలో ఒకటీ అరా."

"వేసినవాటిలో?"

"అంతకంటే ఎక్కువ."

"ఎంత ఎక్కువ అక్కా?"

"మురికే అయ్యుంటుంది అనుకున్నాను. ఆ రోజు కత్తెర కొత్తది, చెయ్యి తిరగలేదు..."

"అవి లెక్కలో ఉన్నాయా?"

ఎన్నో సభల్లో ఎందరో పెద్దవాళ్ళు ఎన్నెన్నో ప్రశ్నలు వేశారు తీగలమ్మని. ఇది ఒక్కరూ అడగలేదు.

"లేవు," అంది. "పోయినవాటిలో తీగలు లెక్కపెట్టలేం కదా."

చెల్లెలు పైపు కట్టేసింది. ఆమె నెయిల్ పాలిష్ అర కిందున్న చిన్న తలుపు తెరిచి, తువ్వాళ్ళ బొత్తి వెనక చెయ్యి పెట్టింది. తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసి, రెండు స్లైడుల పక్కన పెట్టింది. డబ్బా మీద కండలు తిరిగిన మనిషి బొమ్మ, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. వ్యాయామశాలలకి పోయే కుర్రాళ్ళు పాలల్లో కలుపుకుని తాగే పొడి. గుడ్లలో వేసిందీ అదే పొడి. అరుదైన వస్తువేం కాదు, వీధి చివరి కొట్లోనే దొరుకుతుంది. దాని పేరు ఆ రోజు భోజనాల బల్ల దగ్గర నోరు జారి చెప్పింది తీగలమ్మే.

"నాకు చెప్పలేదేం?" అంది తీగలమ్మ.

"చెబితే ఆగమంటావు. నువ్వెప్పుడూ ఆగమనే అంటావు. ఇంకా చూడాలి, ఇంకా లెక్కపెట్టాలి అంటావు. ఆ రోజు ఒక్కరోజే ఆగమనలేదు. ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది అన్నావు."

"నేను చెప్పింది గుడ్ల గురించే, మనుషుల గురించి కాదు!"

"అవును. మేం గుడ్లలా కూర్చుని విన్నాం."

"ఎప్పట్నించి వేసుకుంటున్నావు?"

"మర్నాటి నుంచి. నెల తప్పకముందే."

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా మనిషి పట్టుకుంటాడు. తీగలమ్మ డబ్బాని రెండు చేతులా పట్టుకుని బల్ల మీంచి లేపింది. బరువుగా తగిలింది. సగానికి పైనే ఉంది లోపల. హమ్మయ్య, ఇంకా మించిపోలేదు, ఎక్కువ తాగలేదు, ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళి, డాక్టరుతో అంతా చెప్పేసి, ఇవాళే, తడి తలతోనే... అనుకుంటూ చెల్లెలి మొహం వంక, ఆ సాయంత్రం మొదటిసారిగా, అద్దంలో కాకుండా నేరుగా చూసింది.

ఇక్కడితో ఆపితే ఈ వారం మీకు నిద్ర పడుతుంది. ఆపుదామనే అనుకున్నాను. కానీ కలం కాకెత్తుకుపోతుందని మొదట్లోనే నోరు పారేసుకున్నాను, పైగా ఒక అక్క కథ చెబుతూ ఆమె చేసిన పనే నేనూ చెయ్యడం బాగుండదు. మైక్రోస్కోపు కోతలు ఎలాగూ ఒప్పుకున్నాను, వాటిని వదిలెయ్యండి. పార్లర్లో జరిగిందానిలో నేను కల్పించింది ఒక్కటే. డబ్బా బరువుగా తగిలిందని, సగానికి పైనే ఉందని రాశాను చూడండి, అది. అలా ఉండాలని నాకుంది, అలా అనిపించింది, రాసేశాను.

అసలు జరిగింది ఇది. తీగలమ్మ లేపితే డబ్బా గాలిలా పైకి వచ్చింది. మూత తిప్పి చూసింది. అడుగున కొలత చెంచా ఒక్కటే ఉంది.